గవరమ్మ కందెన

మంచు తెరలు విడవని కొండల మధ్య ఒక రాజ్యం ఉండేది. అక్కడ బండ్లు కలలో కదిలినట్టు చప్పుడు లేకుండా సాగిపోయేవి. రాజుగారి బండ్లశాలలో పనిచేసేవారికీ, దానికి సరుకు ఇచ్చేవారికీ కొత్త బండి సగం ధరకే ఇవ్వడం ఆనవాయితీ.

ఇరుసులకు పూసే కందెనను ఆముదంతో కాచి ఇచ్చే గవరమ్మ, తన పాత బండి విరిగిపోతే కొత్తది అడగడానికి వెళ్లింది.

“కలప ఇచ్చినవాళ్లున్నారు, ఇనుము ఇచ్చినవాళ్లున్నారు. బండిలో నీ సరుకు కంటికి కనబడుతుందా?” అన్నాడు బండ్లశాల అధికారి మార్తాండయ్య.

“కనబడదు బాబూ. అయితే నా సరుకు లేని బండే ఇప్పించండి. ముక్కుపుడక అమ్మైనా నిండు ధర ఇస్తాను.”

అతను నవ్వుకుంటూ ఇరుసు శుభ్రంగా తుడిపించి, ధర మొత్తం పుచ్చుకున్నాడు.

మధ్యాహ్నం ఎండ బంగారు పొగలా పరుచుకుని, రాజుగారు కునుకు తీస్తున్న వేళ గవరమ్మ కోట చుట్టూ ఆ బండి తోలింది. అది కీచుకీచుమని ఏడ్చింది. కల చెదిరిన రాజుగారు మేడ అంచుకొచ్చి ఏమిటీ గోల అన్నారు.

“కందెన కంటికి కనబడదని అధికారిగారు సగం ధరకి ఇవ్వనన్నారు ప్రభూ. చెవికైనా తెలుస్తుందేమోనని తిప్పుతున్నాను.”

రాజుగారు మార్తాండయ్యను పిలిపించారు. “ఇన్నాళ్లూ నాకు నిద్ర సరఫరా చేస్తున్నది ఈవిడేనన్నమాట. సగం ధర తిరిగిచ్చి, కందెన నువ్వే పూయి.”

మోచేతుల దాకా జిడ్డుతో మార్తాండయ్య లేచేసరికి, బండి చప్పుడు లేకుండా ఎండలోకి జారిపోయింది. రాజుగారు ఆగిన చోటి నుంచే కలను అందుకున్నారు.