ఐలేశు ఫోన్ చెప్పిన మాట

నర్సింలు సారు దగ్గర పైథాన్ నేర్చుకున్నవాళ్లకు ఆయన అలవాటొకటి బాగా తెలుసు. శిష్యులు యాప్ పూర్తి చేసి మురిసిపోతూ చూపిస్తే ఆయన కోడ్ వైపు కన్నెత్తి చూడడు. "ఎన్ని రకాల ఫోన్లల్ల ఏసి చూసినవ్?" అని మాత్రం అడుగుతాడు. ఒకనాడు ఆ మాటకు శిష్యురాలు రజితకు ఒళ్లు మండింది.

"సారూ, పైథాన్ల ఒక్కపారి రాస్తే అన్ని ఫోన్లల్ల నడుస్తదని మీరే చెప్తిరి. మల్ల ఒక్కొక్కదాంట్ల చూసుడెందుకు?"

ఆ అడగడంలో కోపం కన్నా తొందర ఎక్కువ. ఆమె అన్న ఐలేశు తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. చెట్టు మీద నుంచి పడ్డ మనిషిని ఎవరూ చూడక ప్రాణం పోవడం ఆ ఊరికి కొత్త కాదు. అందుకే అక్కడి గీతగాళ్లు జంటగా తప్ప తాటివనానికి పోరు. రజిత రాసిన యాప్ నడుముకు కట్టుకున్న ఫోన్‌లో ఉండి, మనిషి కదులుతున్నంతసేపూ ముందే రికార్డు చేసిన అతని గొంతుతోనే "అమ్మా, మంచిగున్న" అని ఇంటి ఫోన్‌కు చెబుతుంది. కదలిక ఆగితే, మనిషి పడ్డాడని అదే ఇంటి ఫోన్‌లో కేక పెడుతుంది. చెల్లెలి తెలివి మీద అన్నకు అంతులేని నమ్మకం. మర్నాడు ఒంటరిగానే పోతానన్నాడు, తల్లి కూడా సరేనంది.

సారు ఐలేశుదితో సహా దొరికిన ఫోన్లన్నీ తెమ్మన్నాడు. మిట్టమధ్యాహ్నం, గీతగాళ్లంతా ఇళ్లకు చేరాక, ఆమెను తాటివనానికి తీసుకుపోయాడు. ఆ వేళ అటు ఎవరూ తొంగి చూడరు. గాలి లేదు, అయినా పైన ఎండు కమ్మలు గరగరమంటూనే ఉన్నాయి. అన్నిట్లో యాప్ వేయించి, ఒక్కో చెట్టు మొదట్లో ఒక్కో ఫోన్ పెట్టించాడు, పడ్డ మనిషి లేవకుండా ఉన్నట్టే. తర్వాత ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. ఇంటి ఫోన్ రజిత చేతిలో ఉంది.

కాసేపటికి అందులో కేకలు మొదలయ్యాయి. ఒకదాని వెంట ఒకటి, చెట్ల కింది ఫోన్లు మనిషి పడ్డాడని మొత్తుకున్నాయి. రజితకు ప్రాణం లేచొచ్చింది. చూశారా అన్నట్టు సారు వైపు తిరిగింది. అప్పుడే ఆమె చేతిలోంచి అన్న గొంతు పలికింది.

"అమ్మా, మంచిగున్న."

ఉలిక్కిపడి చెట్ల పైకి చూసింది. అన్న ఇంట్లో నిద్రపోతున్నాడని తెలిసి కూడా చూసింది. ఎవరూ లేరు. పరుగెత్తుకెళితే ఐలేశు ఫోన్ పెట్టినచోటే కదలకుండా ఉంది. సారు వెనకే వచ్చి, వంగి, దోసెడు మన్ను తీసి దాని మీద పోశాడు. ఇంకో దోసెడు పోశాడు. ఫోన్ కనపడకుండా పోయింది.

"అమ్మా, మంచిగున్న," అంది గొంతు, అంతే హాయిగా.

"వద్దు సారూ!" రజిత మోకాళ్ల మీద పడి రెండు చేతులా మన్ను తోడింది.

తప్పు కోసం వెతకాల్సిన పని లేదు, రాసింది తనే. మొదట్లో ఆ యాప్ నలుగురి ముందూ మాటిమాటికీ మూతపడి పరువు తీసేది. ఆ చికాకులో, ఏ తప్పు ఎదురైనా పట్టించుకోకుండా ముందుకు పొమ్మని ఒక లైన్ రాసి చేతులు దులుపుకుంది. మిగతా ఫోన్లు కదలిక సంగతి అడగ్గానే చెప్పాయి. అన్నది వేరే రకం ఫోన్, అనుమతి లేనిదే చెప్పనని మొండికేసింది. యాప్ ఆ మాటను మింగేసి, మనిషి కదులుతున్నాడనే అనుకుని, నేర్పిన ముక్క చెబుతూ పోయింది.

"ఆ లైన్ తీసేస్తే అన్న ఫోన్ల యాప్ మూతపడుతది సారూ," అంది ఏడుపు గొంతుతో. "అమ్మకు ఏం ఇనబడది."

సారు చేతుల మన్ను దులుపుకున్నాడు.

"ఇనబడకుంటేనే మంచిది బిడ్డా. గొంతు ఆగితే మీయమ్మ ఇటే ఉరికొస్తది."