చివరి ఊఁ

అనగా అనగా కుసుమగిరి అనే రాజ్యం. దాన్ని ఏలే రత్నకేతుడు కథలంటే చెవి కోసుకునేవాడు. మనవులంటే మాత్రం ఆయనకు తలనొప్పి. కొలువుకు వచ్చిన ప్రతివాడూ కన్నీళ్ళు పెట్టుకుంటుంటే వినలేక ఒక కట్టడి చేశాడు.

"మీ కష్టాన్ని కథగా చెప్పండి. నేను ఊఁ కొట్టినంతసేపూ చెప్పండి. నా ఊఁ ఆగితే మీ మనవి కొట్టేసినట్టే, చివరిదాకా సాగితే ఆలకిస్తాను. ఊరికి మూడు కథలు, అంతకు మించి లేవు."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే మరి.

ఆ రాజ్యంలో ఒక కొండవాలున మేదరపల్లె ఉండేది. అక్కడివాళ్ళు కొండమీది వెదురు తెచ్చుకుని బుట్టలు, చేటలు, ధాన్యం పోసే గాదెలు అల్లి బతికేవారు. ఒకనాడు పల్లెలో చాటింపు వేశారు. రాజుగారికి కానుకగా ఏనుగులు వచ్చాయట. ఆ కొండవాలునే వాటికి శాల కట్టడానికి వానలు పడేలోగా వెదురుతోపు మొత్తం కొట్టేస్తారట. వెదురు పోతే పల్లె పోయినట్టే.

మొదట కులపెద్ద కుప్పయ్య కొలువుకు వెళ్ళాడు. రాజ్యాన్ని వర్ణించాడు, నదిని వర్ణించాడు, రాజుగారి వంశాన్ని ఎత్తుకున్నాడు. ముత్తాత పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి ఊఁ సన్నబడింది. తాత పుట్టేసరికి ఆగిపోయింది. వెదురు మాట కుప్పయ్య నోట్లోనే ఉండిపోయింది.

రెండోవాడు గంగులు. కోతలు కొయ్యడంలో వాడు దిట్ట. ఎగిరే మంచం అన్నాడు, ఏడు తలల పాము అన్నాడు. రాజు ముందుకు వంగి మరీ ఊఁ కొట్టాడు.

"తర్వాత?"

"తర్వాత ఇంకో రాక్షసుడొచ్చాడు మారాజా."

"ఆ తర్వాత?"

"ఆడి తమ్ముడొచ్చాడు."

రాజు ఆవులించాడు, ఊఁ ఆగిపోయింది. కథ ఎలా ముగించాలో గంగులుకే తెలియదు, ఇక రాజుకేం తెలుస్తుంది?

మిగిలింది ఒక్క కథ. గంగులు వదిన పైడమ్మ లేచి, "నేను చెప్తాను" అంది. తన వాకిలి దాటి ఆమె ఏనాడూ కథ చెప్పి ఎరగదు. పల్లె గుండెలో రాయి పడింది.

"ఏటి చెప్తావే అమ్మీ?" అన్నాడు కుప్పయ్య.

"కథ అల్లమన్నారు కదా మావా. అల్లడం మనకి తెలీని పనేటి? ఏం మొయ్యాలో తెలిస్తేనే బుట్ట మొదలెడతాం. నీళ్ళకి గంప అల్లుతామా? ఈ కథ రాజుగారి చేత ఆఖరి ఊఁ కొట్టించాలి. ఆ ఊఁ ఎక్కడ పడాలో ముందు చూస్తాను."

ఆమె వాకిట్లో వెదురు బద్దలు పరిచింది. కథలో జరిగే ఒక్కో సంగతికి ఒక్కో బద్ద. ముందుగా దుర్మార్గుడైన రాజును పెట్టి, చివర పులి చేత తినిపించింది. కుప్పయ్యను రాజుగా కూర్చోబెట్టి ఊఁ కొట్టమంది. పులి వచ్చేదాకా కొట్టి, ఆయన మూతి బిగించేశాడు.

"ఆపేశావేటి మావా?"

"నన్ను పులికేస్తంటే నేనెందుకు కొడతానే?"

పైడమ్మ పకపకా నవ్వి ఆ బద్దలన్నీ తీసేసింది. కథలో రాజు మంచివాడే కావాలి, పొరపాటు మాత్రమే చెయ్యాలి. మళ్ళీ మొదలుపెట్టింది.

గంగులు వచ్చి, "ఒక్క రాక్షసుణ్ణి పెట్టు వదినా, బాగుంటది" అని బతిమాలాడు.

"ఆడు లేకపోతే కథ ఆగిపోద్దా?"

"ఆగదు."

"అయితే ఆడికి ఇక్కడ పనిలేదు."

ఆమె మనసుకు నచ్చిన ముక్క ఒకటుంది. చిన్నప్పుడు వెదురు పొదల్లో గుడ్లు పొదిగే నెమలిని చూసిన ముచ్చట. ఎంత అందంగా చెప్పినా, ఆ బద్ద లాగేస్తే కథ ఇసుమంతైనా కదలలేదు. దాన్నీ తీసేసింది. తీసేసి ఆ పూట అన్నం తినలేకపోయింది. అయినా తిరిగి పెట్టలేదు.

మూడోనాడు పైడమ్మ కొలువులో నిలబడింది.

"ఒక మంచి రాజుకి తెల్ల ఏనుగు దొరికింది మారాజా."

"ఊఁ."

"దాని మీద ప్రేమకొద్దీ కొండ మీది వెదురంతా కొట్టించి అక్కడే శాల కట్టాడు. మొదటి నెల వంటశాలలో చేటలు చిరిగిపోయాయి. కొత్తవి అల్లడానికి వెదురు లేదు. రాజుగారి అన్నంలో రాళ్ళు వచ్చాయి."

"ఊఁ."

"రెండో నెల గాదెలు విరిగాయి. ధాన్యం ఎలుకల పాలైంది."

"ఊఁ, ఊఁ."

"మూడో నెల వానలొచ్చాయి. మట్టిని పట్టి ఉంచే వేళ్ళు లేక కొండ జారి శాల మీద పడింది. రాజు బురదలో దిగి, ఏనుగు తొండం పట్టుకుని ఏడ్చాడు. 'నాకు ముందే ఎవరూ చెప్పలేదేం?' అన్నాడు. ముసలి మావటివాడు, 'చెప్పడానికి వచ్చారు ప్రభూ, తమరు వినలేదు' అన్నాడు."

రాజు గొంతులో ఊఁ సగమే పలికింది. పైడమ్మ మాత్రం మాట ఆపలేదు.

"ఆ రాజుకి మళ్ళీ మొదటిరోజు దొరికితే, వెదురు జోలికి పోవద్దని ఆజ్ఞ ఇస్తాడా మారాజా?"

"ఊఁ" అన్నాడు రత్నకేతుడు.

పైడమ్మ చేతులు జోడించింది. "ఇవాళే ఆ మొదటిరోజు. నా కథ అయిపోయింది."

కొలువు గుసగుసలాడింది. మంత్రి లేచి, "ప్రభువులు ఊఁ కొట్టింది కథకు. అది ఆజ్ఞ కాదు" అన్నాడు.

రాజు మంత్రిని కూర్చోమని చేయి ఊపాడు. "కథకే కొట్టాను మంత్రీ. కానీ ఊఁ కొట్టడానికి కథలో రాజు ఇక్కడ లేడు, కొట్టింది నా నోరే. తోపు జోలికి ఎవరూ వెళ్ళవద్దు. శాల ఏటి ఒడ్డు మెరక మీద కట్టండి."

తర్వాత ఆమెను దగ్గరికి పిలిచి అడిగాడు. "అమ్మా, గంగులు కథ నీ కథకన్నా వింతగా ఉంది. అయినా అక్కడ ఆవులించాను, ఇక్కడ ఆవులింత రాలేదు. ఏమిటి కిటుకు?"

"కిటుకేం లేదు మారాజా. మా మరిది మొదటిమాట వెతుక్కుని బయల్దేరాడు. నేను ఆఖరి మాట వెతుక్కున్నాకే బయల్దేరాను. దారిలో బరువైనవన్నీ దింపుకుంటూ వచ్చాను, ఇష్టమైనవి కూడా."

రాజు ఈసారి ఎవరూ అడగకుండానే ఊఁ అన్నాడు. ఆ ఏడు వానలు దండిగా పడ్డాయి, మేదరపల్లె చల్లగా ఉంది, కథ చేరవలసిన చోటికి చేరింది.

నీతి: చేరవలసిన చోటు ముందే తెలుసుకుని, అక్కరలేనిదాన్ని ఇష్టమైనా వదులుకున్నవాడి మాటే గమ్యం చేరుతుంది.