కింద నుంచి అడిగే గొంతు

తవిటయ్య మేస్త్రీకి ఒక అలవాటుండేది. శిష్యులెవరైనా ప్రశ్న వేస్తే అప్పటికి విననట్టే ఊరుకునేవాడు. రంపం పళ్ళకు ఆకురాయి పెట్టుకుంటూ కూర్చునేవాడు. జవాబు తరవాతెప్పుడో, ఏదో చెట్టు దగ్గర వచ్చేది. శిష్యుల్లో పెద్దవాడు అసిరినాయుడు అడిగినదానికీ అలాగే వచ్చింది.

ఇళ్ళ మీదికి ఒరిగిన చెట్లనూ, కరెంటు తీగెలను రాసుకునే కొమ్మలనూ కింద ఏదీ నలగకుండా కోసి దించడం వాళ్ళ పని. నరకడం వేరు, దించడం వేరు. దించే పనికి తవిటయ్య ఒక కట్టుబాటు పెట్టాడు. పైనున్న మనిషి కొమ్మకు రంపం ఆనించే ముందు, ఆ కొమ్మను దించే లావు తాడు, మోకు, కింద పట్టుకున్నవాడు గొంతెత్తి అడగాలి. "నీ తాడెక్కడ? నీ కాలెక్కడ? కొమ్మ దారెక్కడ?" పైవాడు ఊరికే "ఉందిలే" అనకూడదు. తన నడుముకు కట్టుకున్న తాడును చేత్తో తడుముకుంటూ ముడి దాకా వెళ్ళాలి, కాలు మోపిన చోటు చూడాలి, కొమ్మ పడే దారి చూడాలి, అప్పుడు బదులు పలకాలి. పలికేదాకా కిందవాడు మోకు బిగించడు.

అసిరినాయుడికి ఈ తతంగం కొన్నాళ్ళుగా మింగుడు పడడం లేదు. కూతురికి పెళ్ళి చేసి అల్లుణ్ణి తెచ్చుకున్న మనిషి. తనకంటే బాగా చెట్టెక్కగలవాడు గురువు తప్ప మరొకడు లేడని ఊరే అంటోంది. ఒకనాడు అడిగేశాడు.

"గురువా, నా మీసం నెరిసిపోతోంది. నిన్న గాక మొన్న పనిలో చేరినోడు కింద నిలబడి 'నీ తాడెక్కడ' అని నామీద కేకలేస్తన్నాడు. దారిన పోయే ఆడోళ్ళు కూడా నవ్వుతన్నారు. ఈ అడిగించుకోడం ఎప్పటికి ఆగుతాది?"

తవిటయ్య ఆకురాయి తిరగేసి రంపం రెండో వైపు సాన పట్టుకోసాగాడు.

ఆ కార్తీకంలో తుపాను వచ్చింది. పట్నంలోని ఆసుపత్రి ఆవరణలో, నూతికి దగ్గరగా ఉన్న ముసలి నిద్రగన్నేరు చెట్టు కొమ్మ ఒకటి మొదట్లో చీలి, పురిటి గది రేకుల మీద అంగుళం ఎడంగా వేలాడింది. ఆ కొమ్మే ఒక చెట్టంత ఉంది. బాలింతలను పసిబిడ్డలతో సహా వరండాలోకి మార్చారు. జల్లు లోపలికి కొడుతోంది. చీకటి పడేలోగా గది తిరిగి దక్కాలి. పెద్ద డాక్టరమ్మ గొడుగు కింద నిలబడి తవిటయ్యకు కబురంపింది.

మనుషులు మూగారు. ఆ పేట వార్డు పెద్ద ఒకాయన అందరినీ వెనక్కి తోస్తూ, "తవిటయ్య వచ్చాడంటే చెట్టే దణ్ణం పెట్టి దిగిపోద్ది, చూస్తుండండి!" అన్నాడు. గుంపు నవ్వింది. ఇలాంటి చీలిక కొమ్మను ఇంకొకరి చేతిలో పెట్టనని తవిటయ్య తనే ఎక్కాడు. అసిరినాయుడు మోకు కొసను మానుకు చుట్టి పట్టుకుని కింద నిలబడ్డాడు.

పైకి వెళ్ళిన తవిటయ్య చీలిన కొమ్మకన్నా పైనున్న గట్టి కొమ్మకు తన నడుము తాడు కట్టుకున్నాడు. దించాల్సిన కొమ్మకు మోకు వేశాడు. ఇంతలో ఆకులు కుట్టి గూడు పెట్టుకున్న ఎర్రచీమలు వానకు చెదిరి ఆయన మెడ మీదికి పాకాయి. చేతులు ఆడించి, తిట్టుకుంటూ తాడు విప్పి, పక్కకు జరిగి మళ్ళీ కట్టుకున్నాడు. ఆకుల గుబురులో ఏ కొమ్మకు కట్టుకున్నాడో కింద నుంచి కనబడలేదు. మెడ దులుపుకుని రంపం చేతికి తీసుకున్నాడు.

ఇప్పుడు అడగాలి. అసిరినాయుడు చుట్టూ మూగిన గుంపు వైపు చూశాడు.

ఈమధ్య గురువు ఒక్కొక్కటీ మరుస్తున్నాడు. నోట్లో చుట్ట పెట్టుకుని చుట్ట కోసం వెతికాడు. అసిరినాయుణ్ణి పట్టుకుని, ఎప్పుడో చనిపోయిన తన తమ్ముడి పేరుతో పిలిచాడు. ఆ సంగతి గురువుకూ తెలుసు, తనకూ తెలుసు, మూడోవాడికి తెలియదు. ఇంతమంది ముందు ఆ మహానుభావుణ్ణి 'నీ తాడెక్కడ' అని అడిగితే ఆయన మర్యాద ఏం కావాలి? అయినా కట్టుబాటు కట్టుబాటే కదా అని లోగొంతుకతో అడిగాడు. గాలికి ఆ మాట మొదటి కొమ్మ దాకా కూడా వెళ్ళలేదు. రంపం కొమ్మ మీద ఆనింది.

అసిరినాయుడు తల పైకెత్తాడు. గుండె నిండా గాలి తీసుకుని అరిచాడు.

"గురువా! నీ తాడెక్కడ?"

"ఏటయ్యా ఇది!" అన్నాడు వార్డు పెద్ద. "తవిటయ్యనే అడుగుతావా? రేపు కోడికి కూత నేర్పుతావు కాబోలు!" మళ్ళీ నవ్వులు.

పైన రంపం ఆగింది. తవిటయ్య ఎడమచేయి నడుము దగ్గర తాడును పట్టుకుంది. తడుముకుంటూ ఆకుల్లోకి వెళ్ళింది. అక్కడ నిలిచిపోయింది. చెట్టు కింద నవ్వులు ఒకటొకటిగా ఆరిపోయాయి.

అప్పుడు పైనుంచి పెద్ద నవ్వు వినిపించింది.

"ఓరి నాయుడూ! కోసే కొమ్మకే నన్ను నేను కట్టీసుకున్నానురా! మరిచిపోయాను!"

డాక్టరమ్మ చేతిలో గొడుగు వంగిపోయింది. తవిటయ్య తీరిగ్గా ముడి విప్పాడు. చీమలనూ లెక్కచేయకుండా గట్టి కొమ్మకే తిరిగి కట్టుకుని, తాడును లాగి చూసుకున్నాడు.

"తాడు గట్టి కొమ్మకుంది! కాలు పంగలో ఉంది! కొమ్మ దారి నూతి వైపు! ఇంక బిగించరా!"

అసిరినాయుడు బిగించాడు. రంపం పాడింది. కొమ్మ ఫెళ్ళుమని విడిపోయి, మోకు మీద ఊగి, రేకులను తాకకుండా పక్కకు తిరిగింది. అంత పెద్ద కొమ్మా పెళ్ళి పల్లకీలా దిగి నూతి పక్కన ఒరిగింది. ఒక్క రేకు కదల్లేదు. వరండాలోంచి ఈలలు, చప్పట్లు. ఒక బాలింత బిడ్డను రెండు చేతులా ఎత్తి చెట్టుకు చూపించింది. ఆయమ్మలు మంచాలు లోపలికి మోయడం మొదలుపెట్టారు. మోకు ఒరిపిడికి అరచేతులు మండుతున్నా అసిరినాయుడు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూనే ఉన్నాడు.

తవిటయ్య దిగి మోకు చుట్ట చుడుతుంటే, వెళ్ళిపోతున్న వార్డు పెద్ద పక్కవాడితో అన్న మాట ఇద్దరికీ వినబడింది. "పనిమంతుడే గానీ, ముసలాడికి మతి తప్పుతోందిరా."

అసిరినాయుడి ముఖం మాడిపోయింది. "మెల్లగా విప్పి కట్టుకుంటే సరిపోయేది కదా గురువా. ఊరందరికీ వినబడేలా ఎందుకు చెప్పావు?"

"తప్పుతోంది నిజమే కదరా," అన్నాడు తవిటయ్య, మెడ మీద చీమను గిల్లి పారేస్తూ. "అయినా రేపూ ఎక్కుతాను. నన్నడిగే గొంతును నేను పెంచుకున్నాను. నిన్నడిగే గొంతును పెంచుకోడం నువ్వింకా మొదలే పెట్టలేదు."