వెనక్కి పోని కార్ల పట్నం

అనగనగా ఒక పట్నం. ఊరు కాదర్రా, పట్నమే. ఆ పట్నానికో రాజు. ఆ రాజుగారికో కారు. ఏవిట్రా తేజూ? రాజుకి రథం ఉండాలా? మీ తాతయ్య చెప్పే కథల్లో ఉంటుందేమో, నా రాజుకి కారే. నోరు మూసుకుని ఊ కొట్టు.

ఆ రాజు మంచివాడు. అక్కడే వచ్చింది చిక్కంతా. వానలో పిల్లల్ని చంకనేసుకుని తడుస్తూ పోయే ఆడవాళ్లని మేడమీంచి చూసి, నేనొక్కణ్ణే కార్లో తిరగడం ఏం న్యాయమని కుమిలిపోయాడట. పనివాళ్లని పిలిపించి, బీదాబిక్కీ కూడా కొనుక్కునేంత చవగ్గా కార్లు చెయ్యమన్నాడు. చేశారు. పట్నం పట్నమంతా ఎగబడింది. బట్టల బసవయ్య కొన్నాడు, అప్పడాల అచ్చమ్మ కొంది, పూల పుల్లయ్య కొన్నాడు. రోడ్డు మాత్రం ఎప్పుడూ ఉన్నంతే ఉంది. దాని సంగతి ఎవరికీ తట్టలేదు.

మరి కొత్త బండి ఊరికే తీస్తారా? ముహూర్తం చూడాలి కదా. ఆస్థాన సిద్ధాంతిగారు వేళ్లు మడిచి, మడిచి, ఈ నెలకి ఒక్కటే మంచి ఘడియ, గురువారం పొద్దున్న పదింటికి అన్నాడు. ఇంకేం, అందరూ అదే పదింటికి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఒక్కసారే రోడ్డెక్కారు. అంతే! అద్దానికి అద్దం, తలుపుకి తలుపు. కారు కదలదు, తలుపు తెరుచుకోదు. కిటికీల్లోంచి తలకాయలు మాత్రం బయటికొచ్చాయి.

పింకీ, ఊ కొడుతున్నావా, నిద్రపోయావా? ఇప్పుడే అసలు సంగతి.

ఆ కార్ల నడుమ ఒక కార్లో మంగతాయారని ఒక కోడలుపిల్ల ఉంది. ముందు మొగుడు, పక్కన అత్తగారు నరసమ్మ, ఒళ్లో తలపెట్టుకుని ఆడపడుచు సీతాలు. సీతాలుకి నెలలు నిండాయి. ఆస్పత్రికని బయల్దేరారు. ఆస్పత్రి గోడ అదిగో, కనిపిస్తూనే ఉంది. నొప్పులు మొదలయ్యాయి. తలుపు రాదు. పాపం ఆ పిల్ల వదినా, వదినా అని చెయ్యి పిసికేస్తోంది. 

మంగతాయారు కిటికీలోంచి తల బయటికి పెట్టి, తలుపుకి అడ్డంగా ఉన్న పక్క కారాయన్ని, బసవయ్య బాబాయ్, కాస్త వెనక్కి పోనియ్యి, తలుపు తీసుకుంటామని బతిమాలింది. బసవయ్య చెవులు మూసుకున్నాడు. కొత్త కారు, మొదటి ప్రయాణం, వెనక్కి పోతే ఇంకేమన్నా ఉందా అన్నాడు. అయినా నా వెనక అచ్చమ్మ పోవాలిగా అన్నాడు. అచ్చమ్మా అచ్చమ్మా వెనక్కి పోవేం అంటే, నాదీ కొత్తదే, నా వెనక పుల్లయ్య పోవాలిగా అంది. పుల్లయ్యా పుల్లయ్యా వెనక్కి పోవేం అంటే, నాదీ కొత్తదే, నా వెనక రాజుగారు పోవాలిగా అన్నాడు. ప్రజల సంబరం చూద్దామని అందరికన్నా వెనకొచ్చాడు రాజు. ఆయనా కొత్తదే కొన్నాడు మరి! రాజుగారు పక్కన కూచున్న సిద్ధాంతి మొహం చూశాడు. సిద్ధాంతి తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు మంగతాయారు చూపు అత్తగారి బొడ్లో ఉన్న ముక్కుపొడుం డబ్బా మీద పడింది. ఇవ్వండత్తయ్యా అంది. నరసమ్మ ఇవ్వలేదు. కూతురు అరుస్తున్నా ఇవ్వలేదు, అలవాటు అలాంటిది. కోడలే లాక్కుంది. చిటికెడు తీసి కిటికీలోంచి ఉఫ్‌మని ఊదింది.

బసవయ్య హాచ్ అన్నాడు. అయ్యో, ఒంటి తుమ్ము! ప్రయాణానికి చెడ్డది! ఇంటికెళ్లి కాళ్లు కడుక్కోవాలి అని అందరూ గొల్లుమన్నారు. కోడలు సంతోషించేలోగా వాడు ఇంకోసారి హాచ్ అన్నాడు. అమ్మయ్య, జంట తుమ్ము, దోషం లేదని మళ్లీ ఎక్కడివాళ్లక్కడ కూచున్నారు. మంగతాయారుకి ఏడుపొచ్చేసింది. కోపమూ వచ్చింది. డబ్బా డబ్బా అంతా గాల్లోకి దులిపేసింది.

ఇంక చూడు! అచ్చమ్మ హాచ్, పుల్లయ్య హాచ్, బసవయ్య మళ్లీ హాచ్, రాజుగారు హాచ్ హాచ్ హాచ్. ఎవరిది ఒంటిదో, ఎవరిది జంటో, పక్కవాడి తుమ్ము మనకి లెక్కో కాదో ఎవరికీ తెలీలేదు. రాజు సిద్ధాంతినడిగాడు. ఆయన శాస్త్రం ప్రకారం అని మొదలెట్టి తనే తుమ్మాడు. మహాప్రభో, నాకేమీ తెలీడం లేదు, అందరం ఇళ్లకి పోయి కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరదాం అన్నాడు.

రాజు వెనక్కి పోయాడు. పుల్లయ్య వెనక్కి, అచ్చమ్మ వెనక్కి, బసవయ్య వెనక్కి. తలుపు తెరుచుకుంది. వదిన భుజం పట్టుకుని సీతాలు నడిచే వెళ్లింది ఆస్పత్రికి. ఆడపిల్ల పుట్టింది, బంగారు బొమ్మలా ఉంది.

సాయంత్రం రాజు చూడ్డానికొచ్చాడు. నేను కార్లివ్వడం తప్పా అమ్మా అని మంగతాయారుని అడిగాడు. తప్పంటే, బసవయ్య తల్లికి కాళ్లు పడిపోయాయి, ఆవిడకి కారు కావాలి. అచ్చమ్మ అప్పడాలు వానలో తడవకూడదు, ఆవిడకీ కావాలి. ఎవరిని వద్దంటాం? మంగతాయారుకీ తెలీలేదు. నాకూ తెలీదర్రా, నన్నడక్కండి. మోకాళ్లు నొప్పెట్టిన రోజు నాకూ కారే కావాలనిపిస్తుంది.

కానీ మంగతాయారు ఒక్క మాట అంది. మహారాజా, పొద్దున్న మా సీతాలు చచ్చిపోయేది. వెనక్కి పోతే కీడని నలుగురు మంచివాళ్లు చూస్తూ కూచున్నారు, అందులో మీరూ ఒకరు అంది. రాజుకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మర్నాడు దండోరా వేయించాడు. ఇకమీదట కొత్త కారుకి బొట్టుపెట్టగానే మొదట ఏడడుగులు వెనక్కే పోనివ్వాలి, ఆ తరవాతే ముందుకి. రాజుగారు తన కారుని వెనక్కి పోనిచ్చి మొదలెట్టాడు. సీతాలు కూతుర్నెత్తుకుని ఆస్పత్రి గుమ్మంలో నిలబడి చూసిందట.

అందరూ సుఖంగా ఉన్నారు. మీరూ ఆటల్లో ఒకళ్లకొకళ్లు కాస్త వెనక్కి తగ్గండి, ఏం అరిగిపోరు. కథేమో కంచికి నడిచిపోయింది, మనమేమో దుప్పట్లోకి. తేజూ, కాస్త జరగరా, చెల్లికి చోటివ్వు.