బొంతువారి అడవి అతిథులు

బొంతువారింట్లో తెలివి అటక మీద దాచుకునేంత ఉందని వాళ్ళే చెప్పుకునేవాళ్ళు. ఇంకెవరూ చెప్పరుగా మరి! పెద్దాడు చిట్టబ్బాయి, చిన్నాడు సూరన్న, వాళ్ళమ్మ అచ్చియ్యమ్మ. ఊరివాళ్ళు అడవి అంచున మట్టిగోడలతో ఓ గది కట్టి, పట్నం నించి అడవి చూడ్డానికొచ్చేవాళ్ళని చూసుకోమని వీళ్ళకే అప్పగించారు. ఇంతకంటే బుద్ధితక్కువ పని ఇంకోటుందా?

"వాళ్ళు ఎందుకొచ్చారో కనుక్కుని, అది చెయ్యండి. మొహం మాడ్చుకుని వెళ్ళారో, గది ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాం," అన్నాడు ప్రెసిడెంటు. ఆ గదే వాళ్ళకి కూడు.

మొదటగా కాకినాడ నించి భార్యాభర్తలిద్దరు దిగారు. కారు తలుపు తెరవకముందే సూరన్న "ఎందుకొచ్చారండీ?" అన్నాడు.

"ప్రశాంతత కోసం బాబూ. చప్పుడనేది వినపడకూడదు," అన్నాడాయన.

అంతే! కోళ్ళ ముక్కులకి దారాలు కట్టారు. కుక్కని పొరుగూరికి తరిమేశారు. మధ్యాహ్నం ఆయన గుర్రుపెడుతుంటే అన్నదమ్ములిద్దరూ భుజాలు పట్టి కుదిపేశారు.

"లేవండి, లేవండి! చప్పుడవుతోంది!"

పాపం, ఆయన కన్ను మూస్తే చాలు, మళ్ళీ కుదపడమే.

ఆవిడనడిగితే, "అడవిని దగ్గర్నించి చూద్దామని నాయనా," అంది.

"అయ్యో, మంచం దగ్గర్నించి అడవి ఎంత దూరమో!" అంది అచ్చియ్యమ్మ.

ఇంకేముంది! గొడ్డళ్ళు తీశారు. ఎదురుగా ఉన్న మామిడికొమ్మలూ నేరేడుకొమ్మలూ నరికి, మంచం చుట్టూ నిలబెట్టారు. ఎర్రచీమల గూళ్ళతో సహా! చూడ్డానికొచ్చిన చెట్టునే నరికి చూపించే మేధావుల్ని ఏమనాలి, నా తలకాయ!

ఆలుమగలు ఒళ్ళంతా గోక్కుంటూ, గెంతుకుంటూ కారెక్కారు. "ఎందుకొచ్చాంరా భగవంతుడా!" అని ఏడ్చిందావిడ.

"అరెరె, ఎందుకొచ్చారో మర్చిపోయారే!" అంటూ సూరన్న కారు వెనకాల పరిగెత్తాడు. "చూడ్డానికండీ! అడవిని దగ్గర్నించి చూడ్డానికి!"

"చచ్చినా మళ్ళీ నీ గడప తొక్కం, పోరా!" అని అరిచాడాయన.

సూరన్న వగరుస్తూ వచ్చి ఆ మాట చెప్పాడు. "మన కూడు పోయిందిరా!" అని అచ్చియ్యమ్మ గుండెలు బాదుకుంది. చిట్టబ్బాయి మాత్రం గడ్డం గోక్కున్నాడు.

"ఏడవకే అమ్మా. మనమంటే వాళ్ళకి కోపం లేదు. గడపంటేనే పడట్లేదు."

"అవున్రా, నా బంగారుకొండా!"

గునపం తెచ్చారు. ముగ్గురూ కలిసి గడప పెకలించారు. ద్వారబంధం ఊగింది, మట్టిగోడ ఒరిగింది, కప్పు దభీమని కూలింది.

అచ్చియ్యమ్మ ఆ మట్టిలోంచి తల బయటపెట్టి, రోడ్డుకేసి సంబరంగా కేకేసింది.

"బాబూ, వెనక్కి రండి! గడప తీసేశాం! ఇప్పుడెటునించైనా లోపలికి రావచ్చు!"