పొగలేని నిప్పు

గోదావరి దగ్గర ఒక బొగ్గు గనుల ఊళ్లో, తనకు తెలిసిన పనిలో ఇంకొకరు మాట చెబితే సహించలేని ఓదెలు అనే మనిషి ఉండేవాడు. గనిలో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. కార్మికులు దిగకముందే లోపలికి వెళ్లి, విషవాయువు ఉందో లేదో చూసి రావడం ఆయన పని. ఆ పనిలో ఆయన్ని వేలెత్తి చూపినవాడు లేడు. అందుకే బొగ్గు గురించి ఎవరు నోరు విప్పినా, "నాకు జెప్తున్నవా?" అని కసురుకునేవాడు.

కూతురు శైలజ పుట్టింట్లో పురుడు పోసుకుంది. బాలింతకూ పసిగుడ్డుకూ రోజూ వేడినీళ్లు కావాలి. ఓదెలు మిద్దె మీద సోలార్ హీటర్ పెట్టించాడు. వానాకాలం కావడంతో నీళ్లు గోరువెచ్చగానే దిగేవి. ఆయన హీటర్ నుంచి దిగే గొట్టాన్ని పెరట్లోని పాత రాగి బాయిలర్‌కు కలిపాడు. బాయిలర్ నడుమ బొగ్గు మండుతుంటే చుట్టూ నీళ్లు కాగుతాయి. సగం పని సూర్యుడు చేసి పెడితే, మిగతా సగానికి కాసిన్ని బొగ్గులు చాలు. వాడకట్టంతా వచ్చి చూసి మెచ్చుకుంది. నిజంగా మెచ్చుకోవలసిన పనే.

బాయిలర్ పెరట్లోనే ఉంటే ఈ కథ చెప్పే పని ఉండేది కాదు. ఒకరోజు ముసురు పట్టింది. బకెట్లు మోసుకొచ్చేలోగా నీళ్లు చల్లారిపోతున్నాయని ఓదెలు బాయిలర్‌ను స్నానాల గదిలోకి మార్చాడు. బొగ్గును వాకిట్లో రాజేసి, పొగ పోయి ఎర్రగా అయ్యాక తెచ్చి అందులో పోశాడు. గనుల ఊళ్లలో నిప్పును అలా లోపలికి తేవడం అలవాటే. పైగా బాలింతకు గాలి తగలకూడదని కిటికీ మూసి, దానికి గోనెపట్టా కూడా అడ్డం కట్టాడు.

"కిటికీ జర తెరిచి పెట్టు. లోపల నిప్పున్నది," అంది భార్య పోశవ్వ.

"పొగేది? ఏదీ, చూపియ్యి! సూర్యుడే సగం కాగబెట్టిండు. ఈ పిడికెడు బొగ్గు ఏం జేస్తది? నాకు జెప్తున్నవా?" అన్నాడు ఓదెలు.

పోశవ్వ ముందు పసిపాపకు నీళ్లు పోసి బయటికి తెచ్చింది. తరువాత శైలజ లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది.

శైలజ ఎంతకీ బయటికి రాలేదు, పాప పాల కోసం ఏడుపు అందుకుంది. పోశవ్వ తలుపు కొట్టింది. ఓదెలు వచ్చి, "బిడ్డా! శైలూ!" అని అరిచాడు. కుళాయి నీళ్లు పడుతున్న చప్పుడు తప్ప జవాబు లేదు.

ఓదెలుకు అప్పుడు గుర్తొచ్చింది. నిప్పు ఎర్రగా ఉన్నా, పొగ లేకున్నా, మూసిన చోట విషవాయువు నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గనిలో ఎందరికో ఆయనే నేర్పిన పాఠం అది. భుజంతో తలుపు విరగ్గొట్టాడు. కూతురు నేల మీద పడి ఉంది. దుప్పటి కప్పి వానలోకే ఎత్తుకొచ్చాడు. పక్కింటివాళ్ల ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తారు.

డాక్టర్లు ఆక్సిజన్ పెట్టారు. వరండాలో పోశవ్వ ఒళ్లో పాప గుక్కపట్టి ఏడుస్తుంటే, ఓదెలు ఆ ఏడుపు వినలేక చెవులు మూసుకున్నాడు.

"బొగ్గుబాయిల ఎంతమందిని కాపాడినవ్. ఇంట్ల నీ బిడ్డను చూస్కోకపోతివి," అంది పోశవ్వ.

"బాయిల దిగినప్పుడల్లా భయపడేటోన్ని. ఇంట్ల నాకేం భయమనుకున్న," అని ఓదెలు వెక్కివెక్కి ఏడ్చాడు.

సాయంత్రానికి శైలజ కళ్లు తెరిచి బిడ్డను అడిగింది. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు చెప్పాడు. ఇంటికి రాగానే ఓదెలు బాయిలర్‌ను బయటికి మోసుకొచ్చి, "ఎక్కడ పెట్టమంటవ్?" అని పోశవ్వను అడిగాడు.

తెలియని పనిలో మనిషి భయపడతాడు, నలుగురినీ అడుగుతాడు. తెలిసిన పనిలోనే ఏమరుపాటు ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి ఎంత అనుభవం ఉన్నవాడైనా, జాగ్రత్త చెప్పేవాళ్ల మాటను తోసిపుచ్చకూడదు.