వాయించని మూడు ఆవర్తాలు

మా చిన్నత్తయ్య నాంచారుకి పాటంటే భయం లేదు. స్వరకల్పనంటేనే భయం.

కీర్తనకైతే సాహిత్యం ఉంటుంది, వరస ఉంటుంది. పదిసార్లు పాడితే నోటికి పట్టుబడుతుంది. స్వరకల్పన అలా కాదు. కీర్తనలో ఒక పంక్తి దగ్గర నిలబడి, అప్పటికప్పుడు తోచిన స్వరాలు తాళానికి సరిపోయేటట్టు పాడాలి. ఒక ఆవర్తం, అంటే ఎనిమిది దెబ్బల తాళం ఒక చుట్టు, పాడేవాళ్లదైతే, తర్వాతి ఆవర్తం పక్కన కూర్చున్న వయొలిన్‌ది. ఆ జవాబు విని మళ్లీ వీళ్లు అందుకోవాలి.

అప్పటికి అత్తయ్య బందరులో ఆడపిల్లల హైస్కూల్లో ఆఖరి సంవత్సరం. ఆ స్కూల్లో పై తరగతుల వాళ్లు సంగీతాన్ని ముఖ్యమైన సబ్జెక్టుగా తీసుకోవచ్చు. తీసుకున్నది ఇద్దరే, అత్తయ్యా, ఇందుమతి అని ఆవిడ స్నేహితురాలూ. మా తాతగారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు.

"ఫస్టు క్లాసు వస్తే కాలేజీలోనూ సంగీతమే చదువుకో. రాకపోతే నోరెత్తకుండా లెక్కల్లో చేరు."

ఆయన మాటంటే మాటే. పరీక్షలో నూటికి నలభై మార్కులు స్వరకల్పనకే.

అత్తయ్య ఒక ఉపాయం కనిపెట్టింది. మోహన రాగంలో ఇరవై నాలుగు ఆవర్తాలకి సరిపడా స్వరాలు లెక్కకట్టి కాగితాల మీద రాసుకుంది. నెల రోజులు వల్లె వేసింది. నీళ్లు తోడుతూ పాడేది, జడ వేసుకుంటూ పాడేది. చివరికి మా నాయనమ్మకి కూడా అవన్నీ నోటికొచ్చేశాయి. పప్పు రుబ్బుతూ, "పన్నెండో దాంట్లో ఒక పా మింగేశావేమిటే ఇవాళ?" అని అడిగిందట.

నెల తిరిగేసరికి భయం పోయింది. అసలు భయపడినట్టే గుర్తు లేనంతగా పోయింది.

పరీక్ష సోమవారం. శనివారం పొద్దున్నే చిలకలపూడి వెళ్లి పాండురంగడికి దణ్ణం పెట్టుకుని, అటునుంచి అటే అత్తయ్యా, ఇందుమతీ స్కూల్లో తమకి సంగీతం చెప్పే భ్రమరాంబ టీచరు గారింటికి వెళ్లారు. ఆవిడ మెల్లగా మాట్లాడే మనిషి. ఏళ్ల తరబడి పిల్లలకి పాటా, వయొలిన్ చెప్పారు కానీ ఎవరినీ కసిరిందీ లేదు, పొగిడిందీ లేదు.

"సోమవారానికి సిద్ధమేనా నాంచారూ?" అన్నారు.

"మీరు వాయించండి టీచరు గారూ, మీకే తెలుస్తుంది."

తంబురా ఒళ్లోకి తీసుకుంటున్న ఇందుమతి మూతి తిప్పింది. "అబ్బో! మొన్నటిదాకా స్వరమనేసరికి గొంతు పట్టేసేది దీనికి."

"అది మొన్నటి మాటే" అంది అత్తయ్య.

కీర్తన బాగా పాడింది. స్వరానికి వచ్చేసరికి కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ మొదటిది ఎత్తుకుంది. ముత్యాలు గుచ్చినట్టుంది. టీచరు గారు వయొలిన్ మీద జవాబిచ్చారు. అత్తయ్య రెండోది పాడింది. ఈసారి టీచరు గారు తన జవాబు మొత్తం రిషభం చుట్టూ తిప్పారు. అత్తయ్య మూడోది పాడింది. టీచరు గారు పై షడ్జం దగ్గర నిలబడి కవ్వించారు. అత్తయ్య కిందనుంచి నాలుగోది మొదలుపెట్టింది. ఆ తర్వాత ఐదోది.

ఐదో దానికి జవాబివ్వాల్సిన చోట టీచరు గారు వయొలిన్ వాయించే కమాను చాప మీద పెట్టేశారు.

అత్తయ్య చెయ్యి తాళం వేస్తూనే ఉంది. ఆరోది లోపల్లోపలే నెమరు వేసుకుంటూ పెదవులు కదులుతున్నాయి. ఎనిమిది దెబ్బలూ అయ్యాక సరిగ్గా ఎత్తుకుని పాడేసింది.

టీచరు గారు కాఫీ గ్లాసు అందుకున్నారు. మళ్లీ ఎనిమిది దెబ్బలు. అత్తయ్య ఏడోది పాడింది.

టీచరు గారు కాఫీ గిన్నెలోకి పైనుంచి వంచి, మళ్లీ గ్లాసులోకి వంచి, ఒక గుక్క తాగారు. అత్తయ్య ఎనిమిదోది కూడా పూర్తిచేసింది. ఇందుమతికి ఇక నవ్వాగలేదు.

"ఒసే నాంచారూ, కళ్లు తెరవ్వే! నీకు జవాబు ఎవరు చెబుతున్నారనుకున్నావే?"

అత్తయ్య కళ్లు తెరిచింది. కమాను చాప మీద ఉంది. టీచరు గారి చేతిలో గ్లాసు ఉంది.

"ఎప్పుడాపేశారండీ?"

"నా వంతువి మూడు ఆవర్తాలైపోయాయమ్మా."

అత్తయ్య మొహం ఎర్రబడింది. అయినా రోషం కొద్దీ అంది, "తాళం తప్పలేదు కదండీ. రాగమూ తప్పలేదు."

"ఏమీ తప్పలేదు" అని ఒప్పుకున్నారావిడ. "చక్కటి స్వరాలు. ఎన్ని రాసుకున్నావు?"

అత్తయ్య తల వంచుకుంది. "ఇరవై నాలుగండీ."

"అంటే ఇంకా పదహారు ఉన్నాయి. లోపలికెళ్లి బియ్యం కడిగి ఎసట్లో పోసి వచ్చేదాన్ని."

ఇందుమతి పకపకా నవ్వింది. అత్తయ్యకి కళ్లనిండా నీళ్లొచ్చాయి. "రాసుకోకపోతే నాకేమీ తోచదండీ. సోమవారం నోరు పెగలకపోతే మా నాన్నగారు లెక్కల్లో వేసేస్తారు."

టీచరు గారు గ్లాసు పక్కన పెట్టారు. చెయ్యి కొంగుకి తుడుచుకుని కమాను తీసుకున్నారు. మూడంటే మూడే స్వరాలు వాయించారు. గ ప గ. వాయించి ఆగారు.

అత్తయ్య చెయ్యి ఒక ఆవర్తం లెక్కపెట్టింది. ఇంకో ఆవర్తం లెక్కపెట్టింది. నోరు తెరుచుకోలేదు.

ఆవిడ మళ్లీ అదే వాయించారు. వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలిచినట్టు, గ ప గ.

"గ ప ద" అంది అత్తయ్య. అంతే వచ్చింది.

టీచరు గారు ఆ ధైవతాన్నే పట్టుకుని షడ్జానికి ఎక్కి నిలబడ్డారు. అత్తయ్య షడ్జం నుంచి ఒక్కో మెట్టే దిగింది. మళ్లీ ఆవిడ, మళ్లీ ఈవిడ. రెండుసార్లు తాళం జారింది. ఆవిడ ఆపలేదు. మధ్యాహ్నం దాకా అలా సాగింది. ఇందుమతి తంబురా వేళ్లు మార్చి మార్చి మీటింది. ఈసారి నవ్వలేదు.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర అత్తయ్య ఆగింది. "మరి పరీక్షలో ఏం పాడమంటారు టీచరు గారూ?"

"అక్కడ వాయించేది ఎవరో, ఏం వాయిస్తారో నాకేం తెలుసమ్మా?" అన్నారావిడ.

సోమవారం పరీక్షకులతో పాటు ఏలూరు నుంచి ఒక ముసలాయన వయొలిన్ వాయించడానికి వచ్చారు. నిండుగా నామాలు, చెవులకి పోగులు. అత్తయ్య కళ్లు తెరుచుకునే కూర్చుంది. మొదట చిన్న ముక్క పాడింది. ఆయన దానికి ఒక తోక తగిలించి వదిలారు. అత్తయ్య ఆ తోక పట్టుకుంది. ఆయన ఒకసారి తలెత్తి అమ్మాయి వంక చూసి, కొంచెం ముందుకు జరిగి కూర్చున్నారట.

ఫస్టు క్లాసు వచ్చింది. ఆ రోజు మా తాతగారి సంతోషం ఇంతా అంతా కాదు. ఇరుగుపొరుగు అందరినీ పిలిచి, వసారాలో చాపలు పరిపించి, అత్తయ్యని మధ్యలో కూర్చోబెట్టారు.

"పరీక్షలో ఫస్టు క్లాసు తెచ్చిన ఆ స్వరాలేవో వీళ్లకి ఒకసారి వినిపించమ్మా."

అత్తయ్య తొడ మీద ఒకసారి తాళం వేసి చూసుకుంది.

"నేను పాడినవి గుర్తు లేవు నాన్నగారూ" అంది. "ఆ ఏలూరాయన వాయించినవి పాడమంటారా? అవన్నీ గుర్తున్నాయి."